పాత ఊరి జనం గురించి రాయాలంటే: జనాభా, కులాలు, వృత్తులు, వలసలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీది పాత శివాలయం, గుడి ముందు రెండు శాసనాలు ఉన్న చిన్న ఊరు. ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారు, అందులో ఊరి జనం గురించిన అధ్యాయం మీ వంతు వచ్చింది. సెన్సస్‌లో ఒక జనాభా ఉంది, పంచాయతీ ఆఫీసులో ఇంకొకటి చెబుతున్నారు, ఓటర్ల జాబితా చూస్తే అది వేరేలా ఉంది. ఏ కులం వాళ్లు ఎంతమందో ఎక్కడా దొరకడం లేదు. పైగా శాసనాల్లో ఉన్న పేర్లకు ఇప్పటి కుటుంబాలతో చుట్టరికం కలపమని పెద్దలు పట్టుబడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

గ్రామ చరిత్రలు రాసేవాళ్లకి పాత రికార్డులు చదవడంలో సాయం చేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఆ అనుభవంతో ముందే ఒక మాట చెప్పేస్తాను. ఊరు పాతదైనంత మాత్రాన అందులో ఉన్న జనం కూడా అంత పాతవాళ్లు కానక్కర్లేదు. మన పల్లెలు కరువుకీ, ఉప్పెనకీ, యుద్ధానికీ ఖాళీ అయ్యాయి, కాలవ వచ్చినప్పుడో చెరువు బాగుపడినప్పుడో మళ్లీ నిండాయి. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఎవరు వెళ్లిపోయారు అన్న కథ చుట్టూ మీ అధ్యాయాన్ని అల్లండి. కులాల శాతాల పట్టికతో మొదలుపెడితే ఆ కథ రాదు, గొడవ మాత్రం వస్తుంది.

అంకెలతో మొదలుపెడదాం. మీకు కనిపిస్తున్న మూడు లెక్కలూ తప్పు కాకపోవచ్చు. సెన్సస్ లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామాన్ని. సర్వే నంబర్లతో గీసిన పొలిమేర లోపల అసలు ఊరు, శివారు పల్లెలు, తండాలు, గూడేలు అన్నీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. పంచాయతీ సరిహద్దు వేరే. రెండు చిన్న రెవెన్యూ గ్రామాలకు ఒకే పంచాయతీ ఉండొచ్చు, ఒకే పెద్ద రెవెన్యూ గ్రామంలో మూడు పంచాయతీలూ ఉండొచ్చు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత సుమారు 4 వేల కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి, వాటిలో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. కాబట్టి 2011 సెన్సస్‌లో మీ ఊరి జనాభాలో కలిసి ఉన్న తండా ఇప్పుడు వేరే పంచాయతీ అయి ఉంటే రెండు అంకెలూ ఎప్పటికీ కలవవు. పుస్తకంలో ఏ అంకె వేసినా దాని పక్కన అది రెవెన్యూ గ్రామానిదా, పంచాయతీదా, ఒక్క నడి ఊరిదా అన్నది రాయండి.

ఊరి పేరుతో వెతకొద్దు, కోడ్‌తో వెతకండి. 2011 సెన్సస్‌లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల లొకేషన్ కోడ్ ఉంది. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లున్న ఊళ్లు జిల్లాకి ఎన్నో ఉంటాయి. పక్క మండలం కొత్తపల్లి లెక్క తెచ్చి తమ ఊరి పుస్తకంలో వేసుకున్నవాళ్లు ఉన్నారు. వెనక్కి వెళ్లేకొద్దీ ఇంకో చిక్కు వస్తుంది. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు సెన్సస్ పుస్తకాల్లో మీ ఊరు పాత తాలూకా కింద ఉంటుంది. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు మారాయి, 2011 పుస్తకం మాత్రం పాత జిల్లా పేరుతోనే ఉంటుంది. 1951 నుంచి వచ్చిన జిల్లా సెన్సస్ పుస్తకాలు స్కాన్ చేసి సెన్సస్ వెబ్‌సైట్‌లో పెట్టారు. ఒక కాగితం మీద మీ ఊరి పాత తాలూకా, పాత జిల్లా రాసుకుని కూర్చుంటే 1951 నుంచి 2011 వరకు జనాభా వరస రెండు సాయంత్రాల్లో తయారవుతుంది.

ఆ అంకెలు చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సెన్సస్ పట్టికలో మొదట కనిపించేది కుటుంబాల సంఖ్య, దాన్ని ఇళ్ల సంఖ్య అని రాయకండి. అక్షరాస్యత లెక్క చాలామంది తప్పు కడతారు. సెన్సస్‌లో అక్షరాస్యత ఏడేళ్లు, ఆపై వయసు వాళ్లకే వర్తిస్తుంది కాబట్టి మొత్తం జనాభాలోంచి ఏడేళ్లు నిండని పిల్లల్ని తీసేసి భాగించాలి. ఉదాహరణకి 1,800 జనాభాలో పిల్లలు 180, చదవడం రాయడం వచ్చినవాళ్లు 972 అనుకోండి. మొత్తంతో భాగిస్తే 54 శాతం వస్తుంది, సరైన లెక్క 60 శాతం. జిల్లా సగటుతో పోల్చేటప్పుడు ఈ తేడాతో మీ ఊరు అనవసరంగా వెనకబడినట్టు కనిపిస్తుంది.

పిల్లల్లో ఆడ, మగ నిష్పత్తి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చిన్న ఊళ్లో 14 మంది మగపిల్లలు, 16 మంది ఆడపిల్లలు ఉంటే నిష్పత్తి 1,143. ఒక్క బిడ్డ అటు నుంచి ఇటు మారితే 1,000. దీన్ని చూసి మా ఊళ్లో ఆడపిల్లలకి ఆదరణ ఎక్కువ అనో, తక్కువ అనో రాసేయకూడదు. 50 ఏళ్ల వరస పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏమైనా చెప్పొచ్చు.

పెద్దవాళ్లతో కలిపి చూసే నిష్పత్తి మాత్రం వలస గురించి బాగా చెబుతుంది. 2011లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి 1,040 మంది ఆడవాళ్లు, విజయనగరంలో 1,019, శ్రీకాకుళంలో 1,015. నిజామాబాద్ మగవాళ్లు గల్ఫ్‌కి, ఉత్తరాంధ్ర మగవాళ్లు హైదరాబాద్, చెన్నై, ఓడరేవు పట్టణాల కూలి పనులకి వెళ్లడం ఇందులో కనిపిస్తుంది. మీ ఊళ్లో ఆ అంకె అకస్మాత్తుగా పెరిగితే ముందు ఊళ్లో బాలికల గురుకులమో హాస్టలో ఉందేమో చూడండి. అక్కడి పిల్లలంతా మీ ఊరి లెక్కలోకే వస్తారు.

లెక్క తీసిన నెల కూడా ముఖ్యం. 2011లో జనాభా లెక్కలు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగాయి. అది మిరప కోతల కాలం, బయటి పనులకి వెళ్లిన పాలమూరు కూలీలు ఇంకా తిరిగి రాని కాలం. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లు ఎక్కడ ఉంటే అక్కడి లెక్కలోకి వెళ్లారు. ఓటర్ల జాబితాలో దీనికి తలకిందులు. హైదరాబాద్‌లో స్థిరపడి పదేళ్లయినవాళ్లు కూడా ఓటు ఊళ్లోనే ఉంచుకుంటారు. అందుకే మీకు ఓటర్ల సంఖ్య అంత పెద్దగా కనిపిస్తోంది. ఇప్పుడు ఊళ్లో నిజంగా ఉంటున్నవాళ్లు ఎంతమంది అంటే నేను అంగన్‌వాడీ టీచర్ దగ్గరి కుటుంబ సర్వే రిజిస్టర్‌నే ఎక్కువగా నమ్ముతాను. ఆవిడ ఇంటింటికీ తిరిగి, ఎవరు గర్భిణి, ఎవరి పిల్లలు పట్నం వెళ్లారు అన్నది తెలిసి రాస్తారు.

ఇక కులాల సంగతి. ఊరి స్థాయిలో కులాల వారీ లెక్క ఏ సెన్సస్‌ పుస్తకంలోనూ దొరకదు. అన్ని కులాలనూ లెక్కపెట్టి ప్రచురించిన చివరి సెన్సస్ 1931. అందులోనూ జిల్లా స్థాయి వరకే ఉంటుంది. స్వతంత్రం వచ్చాక ఎస్సీ, ఎస్టీ సంఖ్యలు మాత్రమే ఊరి స్థాయిలో ఇస్తున్నారు. మతం వారీ లెక్క కూడా 2011లో మండలం, పట్టణం వరకే ఉంది, ఊరిది లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర స్థాయిలో ప్రకటించింది. అందులో ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం. ఈ శాతాలను మీ ఊరికి అన్వయించడానికి వీల్లేదు. 2027 సెన్సస్‌లో కులం కూడా అడుగుతామని కేంద్రం ప్రకటించింది, అందులో ఏ స్థాయి వరకు బయటపెడతారో చూడాలి.

ఉన్న ఎస్సీ, ఎస్టీ అంకెల్లోనూ రెండు మెలికలు ఉన్నాయి, ఇవి తెలియకపోతే తప్పుడు కథ రాస్తారు. తెలంగాణ ఊళ్లలో 1971కీ 1981కీ మధ్య ఎస్టీ జనాభా ఒక్కసారిగా లేచినట్టు కనిపిస్తుంది. ఎక్కడి నుంచో జనం వచ్చి పడ్డారని కొందరు రాశారు. అసలు కారణం, 1976లో చేసిన చట్ట సవరణతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చడం. వాళ్లు అంతకుముందూ అక్కడే ఉన్నారు, లెక్క గడి మారింది అంతే. రెండోది ఎస్సీల సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. పల్లెలో చర్చి నిండా జనం కనిపిస్తారు, సెన్సస్‌లో మాత్రం ఎస్సీలు ఎక్కువగా, మండలం లెక్కలో క్రైస్తవులు తక్కువగా కనిపిస్తారు. ఎవరు ఏమని చెప్పుకున్నారన్నది వాళ్ల బతుకుతెరువుకి సంబంధించిన విషయం. దయచేసి మీ పుస్తకంలో ఈ తేడాని తవ్వి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి. ఊళ్లో చర్చి ఎప్పుడు కట్టారు, మొదట ఎవరు చేరారు అన్న చరిత్ర మాత్రం తప్పకుండా రాయండి.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వద్దాం. మీ ఊరు చారిత్రకమైనది కాబట్టి పాత జనం గురించి మూడు రకాల ఆధారాలు ఉంటాయి: శాసనాలు, కైఫీయత్తులు (కరణాలు చెప్పగా రాసుకున్న ఊరి వృత్తాంతాలు), భూమి రికార్డులు. ఒక్కోటి ఊళ్లో కొందరిని చూపిస్తుంది, కొందరిని దాచేస్తుంది.

శాసనం జనాన్ని ఎంత వివరంగా చూపిస్తుందో తెలియాలంటే గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం చదవండి. క్రీ.శ. 1261, రుద్రమదేవి కాలం. గోళకీ అనే శైవ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామం దానంగా వచ్చిన సందర్భం అది. ఆయన అక్కడ గుడి, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నిలిపి, 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకు భూములిచ్చి అగ్రహారం కట్టాడు. వేదం, శాస్త్రాలు చెప్పే పంతుళ్లు, వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, నాట్యం చేసే స్త్రీలు, వాయిద్యాలు వాయించేవాళ్లు, ఊరి కాపలాకి వీరభద్రులు, కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, వీళ్లందరికీ భూమి వాటాలు రాశారు. ఒక ఊరి వృత్తుల జాబితా ఇంత నిండుగా ఉన్న పాత ఆధారాలు మనకు చాలా తక్కువ. నాకు ఈ శాసనం అంటే ప్రాణం. కానీ అదే శాసనంలో ఆ భూములు దున్నిన పాలేర్లు, నాట్లు వేసిన ఆడవాళ్లు, పశువుల్ని కాసినవాళ్లు ఎవరో కనిపించరు. దానం పుచ్చుకున్నవాళ్లే రాయి మీదకి ఎక్కారు. మీ గుడి ముందున్న రెండు శాసనాలనూ ఈ దృష్టితో చదవండి: దానం ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు, సాక్షులు ఎవరు, పొలిమేరలు చెప్పేటప్పుడు ఎవరి చేను, ఎవరి చెరువు అని పేర్కొన్నారు. హద్దుల వాక్యాల్లో మామూలు జనం పేర్లు అనుకోకుండా దొరుకుతుంటాయి. తేదీ శక సంవత్సరంలో ఉంటుంది, దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది.

శాసనం ఏ భాషలో ఉందన్నది కూడా జనం గురించి చెబుతుంది. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరు. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244–45లో అక్కడే సముద్ర వ్యాపారులకు అభయ శాసనం ఇచ్చాడు. తుఫానుకు ఓడ పగిలి తీరానికి కొట్టుకొచ్చిన సరుకుని పూర్వపు రాజుల్లా లాక్కోకుండా మామూలు సుంకం మాత్రమే తీసుకుంటానని దాని సారం. 1358లో రెడ్డి రాజు అనపోతరెడ్డి అదే రేవులో వేయించిన శాసనం సంస్కృతం, తెలుగు, తమిళం మూడింటిలోనూ ఉంది. తమిళం చదివే వర్తకులు అక్కడ ఉండకపోతే ఆ శ్రమ ఎందుకు పడతారు? రేవు పోయింది, ఆ వర్తకులూ పోయారు. ఇవాళ్టి మోటుపల్లి జనాన్ని చూసి 14వ శతాబ్దపు మోటుపల్లిని ఊహించలేం. మీ ఊరికీ ఇదే వర్తిస్తుంది.

కైఫీయత్తులు 1800 ప్రాంతంలో రాసినవి. కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్ల కింది మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్నారు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు తీయించాడు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల తాలూకాలవి రాష్ట్ర పురాభిలేఖ శాఖ, కడప జిల్లావి కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చు వేశాయి. ఊరి పేరు ఎలా వచ్చింది, గుళ్లు ఎన్ని, చెరువులు ఎవరు తవ్వించారు, మిరాశీదారులు (వంశపారంపర్య హక్కులున్నవాళ్లు) ఎవరు అన్నవి ఉంటాయి. కానీ ఇవి కరణం నోటి నుంచి వచ్చినవి. కరణీకం హక్కు ఎంత పాతదైతే కరణానికి అంత బలం. గుంటూరు ప్రాంతపు చాలా కైఫీయత్తుల్లో గోపరాజు రామన్న అనే ఆయన నియోగి బ్రాహ్మణులకు కరణీకాలు ఇచ్చాడన్న కథ దాదాపు ఒకే మాటల్లో వస్తుంది. దాన్ని మీ ఊరి ప్రత్యేక చరిత్రగా రాయకండి, ఆ ప్రాంతమంతా చెప్పుకున్న సంప్రదాయంగా రాయండి.

నన్నడిగితే ఈ మూడింటిలో జనం గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పేవి భూమి రికార్డులు, వాటిలోనూ ఇనాం రిజిస్టర్. గ్రామ చరిత్రలు రాసేవాళ్లు దాదాపు ఎవరూ దాన్ని తెరవరు, అది చూస్తే నాకు బాధేస్తుంది. కోస్తా, రాయలసీమ ఊళ్లకి 1858 తర్వాత ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో పన్ను లేని లేదా తక్కువ పన్ను ఉన్న ప్రతి భూమి ముక్కా రాసి ఉంటుంది. ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వాళ్ల వయసు ఎంత. గుడి అర్చకుడు, మేళం వాయించేవాళ్లు, దీపం పెట్టేవాళ్లు, కంసాలి, మంగలి, చాకలి, కుమ్మరి, తలారి, వెట్టివాడు, చెరువు మరమ్మతుకి దశబంధం అనుభవించేవాళ్లు, మసీదుకి దీపం నూనె, పీర్ల చావిడి ఖర్చు, అన్నీ అందులో పడతాయి. 1860ల నాటి ఊరు ఎవరెవరి సేవలతో నడిచిందో పేర్లతో సహా దొరుకుతుంది. తహసీల్దారు ఆఫీసులో నకలు ఉండొచ్చు, లేకపోతే పురాభిలేఖ శాఖలో అడగండి. దాని తర్వాత సర్వే నంబర్ల వారీగా భూమి వివరాలు రాసిన ఫెయిర్ అడంగల్, శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ చూస్తే ఆ భూములు ఎవరి చేతుల్లోకి మారాయో తెలుస్తుంది.

మీది తెలంగాణ ఊరైతే సేత్వార్ (సర్వే అయ్యాక రాసిన మొదటి భూమి రిజిస్టర్), 1954–55 ఖాస్రా పహాణీ, ఆ వెంటనే వచ్చిన చేసాల పహాణీ చూడాలి. పహాణీ అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది రాసే రికార్డు. పాత కాగితాలు ఉర్దూ, పారశీకాల్లో ఉంటాయి, చదివిపెట్టేవాళ్లు దొరికే వరకు ఓపిక పట్టండి. వాటిలో తేదీ ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరంలో ఉంటుంది, దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఊరు జాగీరు కింద ఉండేదా, సర్ఫేఖాస్‌దా (నిజాం సొంత ఆస్తి), దివానీదా (నేరుగా ప్రభుత్వం కిందిది) అన్నది మొదట తేల్చుకోండి. 1949లో జాగీర్లు రద్దయ్యే దాకా ఒక్కో రకం ఊళ్లో రికార్డు ఒక్కో తీరుగా రాశారు.

ఇనాం రిజిస్టర్‌లో గుడి నాట్యకత్తెల ఇనాములు కూడా ఉంటాయి. ఆ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఊళ్లోనో పక్క పట్నంలోనో గౌరవంగా బతుకుతుంటారు. ఆ సేవ ఉండేదని రాయండి, వాళ్ల కళ గురించి మంచిగా రాయండి, ఇంటి పేర్లు అచ్చు వేయకండి. అలాగే పాత రికార్డుల్లో కొన్ని కులాలకు వాడిన మాటలు ఇప్పుడు అవమానకరమైనవి. వాటిని యథాతథంగా దించకుండా ఆ సముదాయం తనను తాను ఎలా పిలుచుకుంటుందో అలాగే రాయాలి.

ఈ కాగితాల మధ్యలో జనం ఎక్కడ తెగిపోయారో వెతకండి. గుంటూరు ప్రాంతపు ఊరైతే 1832–33 నందన నామ సంవత్సరపు డొక్కల కరువు దగ్గర పెద్ద గండి ఉంటుంది. సుమారు 5 లక్షల జనంలో ఒకటిన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. రాయలసీమ, ప్రకాశం వైపైతే 1876–78 ధాత కరువు. బళ్ళారి, కర్నూలు జిల్లాల్లో 1871, 1881 లెక్కల మధ్య జనాభా బాగా పడిపోయింది. ఆ కరువులోనే ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని ఇచ్చాడు. 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ప్రాంతపు పల్లెల్లో ఇవాళ కనిపించే చర్చిల వెనక ఆ కరువు ఉంది. తీరం ఊళ్లకి 1864 మచిలీపట్నం ఉప్పెన, 1977 దివిసీమ ఉప్పెన. ఇంకా 1918 ఇన్‌ఫ్లుయెంజా అన్ని ఊళ్లనూ తాకింది, 1911–21 దశాబ్దంలో దేశ జనాభాయే కాస్త తగ్గింది.

ఖాళీ అయిన చోటుకి ఎవరు వచ్చారు అన్నది తర్వాతి ప్రశ్న. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక మెట్ట నుంచి డెల్టాకి జనం దిగారు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక డెల్టా రైతులు బోధన్ వైపు వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు, తుంగభద్ర ఆయకట్టులోనూ అదే జరిగింది. 1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్లు వదిలాక పల్నాడు, నల్గొండ ఊళ్ల రూపం మారింది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద సుమారు 100 ఊళ్లు మునిగాయి, ఆ జనం చుట్టుపక్కల ఊళ్లలో కాలనీలుగా స్థిరపడ్డారు. మీ ఊళ్లో ఏదైనా వాడకి ‘క్యాంపు’, ‘కొత్తూరు’, ‘కాలనీ’ అన్న పేరుంటే అక్కడ వయసు మళ్లినవాళ్లతో కూర్చుని ఏ ఊరి నుంచి ఏ ఏడు వచ్చారో రాసుకోండి.

కాగితంలో దొరకనిది ఇలవేల్పు దగ్గర దొరుకుతుంది. ఒక్కో ఇంటి పేరు వాళ్లని మీ ఇలవేల్పు ఎక్కడ, పిల్లల పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు అని అడగండి. తరాలుగా ఇక్కడే ఉన్నామని చెప్పే కుటుంబం కూడా ఎక్కడో 80 కిలోమీటర్ల దూరంలోని అమ్మవారి దగ్గరికి వెళ్తుంటుంది. వాళ్ల పెద్దలు వచ్చిన దారి అదే కావచ్చు. అలాగే ఇంటింటికీ కోడళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారో పటం మీద గుర్తుపెట్టండి. ఒక్కో సముదాయం సంబంధాలు కలుపుకునే ఊళ్లు ఒక్కో దిక్కున గుంపుగా కనిపిస్తాయి. ఈ పని ఆడవాళ్లతో మాట్లాడితేనే అవుతుంది, మీ బృందంలో ఇద్దరు ఆడవాళ్లయినా ఉండాలి.

ఇంకో దారి ఆశ్రిత కులాల కళాకారులు, అంటే ఒక్కో కులాన్ని ఆశ్రయించుకుని వాళ్ల కథలు చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందెచ్చులు, మాదిగలకు డక్కలివారు కుల పురాణాలు చెబుతారు. వాళ్లకి ఊళ్ల మీద వంతుల వారీగా హక్కులు ఉంటాయి. పిచ్చుకకుంట్లవారికి, ఇప్పుడు వంశరాజులంటున్నారు, రైతు కుటుంబాల గోత్రాలు, ఇంటి పేర్లు తరతరాలుగా నోటికి వచ్చు. మీ ఊరు ఎవరి వంతులో ఉందో కనుక్కుని, వాళ్లు వచ్చినప్పుడు అనుమతి అడిగి రికార్డు చేయండి, వాళ్లకి ఇవ్వాల్సింది ఇవ్వండి. ఈ పని వాయిదా వేయకండి. రిజిస్టర్లు వచ్చే ఏడు కూడా ఉంటాయి, ఈ కథలు చెప్పేవాళ్లలో చాలామంది పెద్దవయసు వాళ్లు.

ఇప్పటి ఊరికి మీరే ఇంటింటి లెక్క తీయండి. చిన్న ఊరు కాబట్టి నలుగురు కుర్రాళ్లు చాలు. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఏ పని మీద ఎక్కడికి వెళ్లారు, కులవృత్తి ఏ తరంలో ఆగింది, భూమి కౌలుదా సొంతదా అన్నవి అడగండి. 1961 సెన్సస్ వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ఊళ్లను ఎంచుకుని ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం వేశారు. ఇల్లు, బట్ట, తిండి, పెళ్లి, అప్పు వరకు అన్నీ రాశారు. ఆ పుస్తకాల్లో ఒకటి తెచ్చుకుంటే ఏం అడగాలో తెలుస్తుంది. కులం చెప్పడం ఇష్టం లేనివాళ్లని వదిలేయండి. ఒకటి రెండు ఇళ్లే ఉన్న సముదాయాల అంకెలు విడిగా వేస్తే ఆ కుటుంబం ఎవరో అందరికీ తెలిసిపోతుంది, వాళ్లని ‘ఇతర’ కింద కలపండి. ఓటర్ల జాబితాలో ఇంటి పేర్లు చూసి కులం ఊహించడం మాత్రం అసలు వద్దు. ఒకే ఇంటి పేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది.

చివరిగా మీ పెద్దల పట్టుదల గురించి. శాసనంలో ఉన్న ఫలానా రెడ్డి, ఫలానా నాయుడు మా వంశమే అని ఒక కుటుంబం అంటే కొట్టిపారేయకండి, ఒప్పుకుని చరిత్రగానూ రాయకండి. ‘ఈ కుటుంబం తాము ఆయన వారసులమని చెప్పుకుంటుంది’ అని రాసి, కింద ఆ కుటుంబం పేరు రికార్డుల్లో మొదట ఏ ఏడాది కనిపిస్తుందో ఇవ్వండి. మిగతా కుటుంబాలకు కూడా ఇదే పద్ధతి పాటించండి. పెద్ద రైతు కుటుంబమైనా, తలారి కుటుంబమైనా, 1970లలో వచ్చిన వడ్డెర కుటుంబమైనా, వాళ్లు చెప్పింది ఒక వాక్యం, కాగితంలో దొరికింది ఒక వాక్యం. అచ్చుకి ఇచ్చే ముందు ఆ పేజీ నకలు ప్రతి వాడకీ పంపి, వారం రోజులు టైం ఇచ్చి, అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోండి.